గ్రోస్‌గ్లోక్నర్ రోడ్డు: ఒక్క రోజులో డ్రైవూ నడకా రెండూ కుదురుతాయా?

వెన్నెలదారి

అందరికీ నమస్తే. ఈ జూన్ నెలాఖరులో మేం నలుగురం, అంటే నేను, మావారు, అత్తయ్యగారు, ఏడేళ్ల బాబు, ఆస్ట్రియా వెళ్తున్నాం. మకాం జెల్ ఆమ్ జే అనే ఊళ్లో మూడు రాత్రులు. అందులో ఒక రోజు పూర్తిగా గ్రోస్‌గ్లోక్నర్ హై ఆల్పైన్ రోడ్డుకే పెట్టుకున్నాం.

మావారి ప్లాన్ ఏంటంటే, తీరిగ్గా టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరడం, దారిలో కనిపించిన ప్రతి వ్యూ పాయింట్ దగ్గరా ఆగడం, ఎక్కడో ఒకచోట నాలుగు గంటలు హైకింగ్, ఆ తర్వాత అవతలివైపు హైలిగెన్‌బ్లూట్‌కి దిగి లీంట్స్ మీదుగా ఫెల్బర్‌టావెర్న్ సొరంగం గుండా చుట్టు తిరిగి రాత్రికి గూటికి చేరడం. మ్యాప్ మీద చూస్తే దాదాపు 180 కిలోమీటర్లే కదా అంటారు. నాకైతే అస్సలు నమ్మకం లేదు.

అత్తయ్యగారికి 64, బీపీకి మాత్ర వేసుకుంటారు, కానీ రోజూ గంట నడుస్తారు. కారు అద్దెది, ఆటోమేటిక్. మావారు ఎనిమిదేళ్లుగా నడుపుతున్నారు కానీ ఇంత ఎత్తు ఘాట్ రోడ్డు ఎప్పుడూ ఎక్కలేదు, అసలు టెన్షన్ అంతా దిగేటప్పుడే అని ఎవరో భయపెట్టారు. అందరం కలిసి నడవగలిగే దారి ఏదైనా ఉందా? అంత ఎత్తులో పెద్దావిడకి ఆయాసం వస్తుందా? వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

మూడోగేరు

వెన్నెలదారి గారూ, ముందుగా మీవారికి ఒక మాట చెప్పండి, ఆ 180 కిలోమీటర్లని మామూలు రోడ్డు లెక్కలో చూడకూడదు. గ్రోస్‌గ్లోక్నర్ రోడ్డు ఒక్కటే 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు. పైగా ఒక్కసారి ఎక్కి ఒక్కసారి దిగిపోయే రోడ్డు కాదిది. ఫెర్‌లైటెన్ టోల్ గేటు దాదాపు 1,150 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కణ్నుంచి ఎక్కి ఎక్కి హోఖ్‌టోర్ సొరంగం దగ్గర 2,504 మీటర్లు తాకుతారు, అవతలికి వెళ్లగానే ఆరేడు వందల మీటర్లు దిగిపోతారు, అక్కడ రోడ్డు చీలుతుంది. ఒక పాయ హైలిగెన్‌బ్లూట్‌కి దిగుతుంది, రెండోది మళ్లీ అయిదు వందల మీటర్లు ఎక్కి హిమానీనదం ఎదురుగా కైజర్ ఫ్రాంజ్ జోసెఫ్స్ హోహె దగ్గర ఆగిపోతుంది. మీరు చూడాల్సింది అదీ. జెల్ ఆమ్ జే నుంచి అక్కడికి ఎక్కడా ఆగకుండా వెళ్తేనే గంటన్నర పడుతుంది, ఆగకుండా ఎవరూ వెళ్లరు.

నా మాట వింటే చుట్టు తిరిగే ప్లాన్ వదిలేయండి. వెళ్లిన దారినే వెనక్కి రండి. రోజు టికెట్ కాబట్టి అదే టికెట్ మీద తిరిగి రావచ్చు. కారుకి 40 యూరోలకు పైనే అవుతుంది, తక్కువేం కాదు. ఫెల్బర్‌టావెర్న్ సొరంగానికి మళ్లీ వేరే టోల్, మళ్లీ మూడు గంటల డ్రైవింగ్. దానికి బదులు ఆ మూడు గంటలు పైన కూర్చోండి.

ఇక బ్రేకుల సంగతి. ఇది నా సొంత తప్పు, చెప్పుకోవడానికి సిగ్గే అయినా చెప్తాను. కొన్నేళ్ల కిందట ఇలాగే అద్దె కారులో వెళ్లాను, ఆటోమేటిక్కే. సాయంత్రం ఈ రోడ్డు మీదే పైనున్న ఫుషర్ టోర్ల్ వ్యూ పాయింట్ నుంచి కిందికి దిగుతూ గేరు డీలో పెట్టేసి బ్రేకు మీద కాలు ఆనించి హాయిగా వచ్చేస్తున్నాను. సగం దిగాక ఏదో కాలిన వాసన, రబ్బరూ ఇనుమూ కలిసి మాడినట్టు. ముందు వెళ్తున్న లారీదేమో అనుకుని అద్దాలు ఎత్తేశాను (ముందు లారీ లేనే లేదు, అది వేరే విషయం). ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి పెడల్ మెత్తగా లోపలికి దిగిపోవడం మొదలైంది. ఎలాగో పక్కన ఖాళీ జాగా దొరికితే ఆపాను. ముందు చక్రాల నుంచి సన్నగా పొగ. నలభై నిమిషాలు కదలకుండా అక్కడే కూర్చున్నాం, పిల్లలు అంత్యాక్షరి ఆడుకున్నారు, నా భార్య మాత్రం నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

లెక్క చాలా సింపుల్. నలుగురు మనుషులతో నిండిన కారు 1,300 మీటర్లు దిగిందంటే అయిదారు యూనిట్ల కరెంటుకి సమానమైన శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. బ్రేకు ఒక్కదాని మీదే వేస్తే అదంతా చక్రాల దగ్గరి ఆ నాలుగు బ్రేకు డిస్కుల్లో వేడిగా చేరుతుంది. ఇంజిన్‌కి పంచితే డిస్కులు బతుకుతాయి. కాబట్టి ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి, అంటే రెండు లేదా మూడు. ఆటోమేటిక్‌లో లివర్‌ని ఎం వైపుకి నెట్టినా, స్టీరింగ్ వెనక పాడిల్స్ ఉంటే అవి నొక్కినా గేరు మన చేతికి వస్తుంది. ఎలా చేయాలో కారు తీసుకునేటప్పుడే పార్కింగ్‌లో ఒకసారి చూసుకోండి, కొండ మీద మాన్యువల్ వెతుక్కోవద్దు. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, మూడున్నర వేలు, నాలుగు వేల ఆర్‌పీఎం చూపిస్తుంది, భయపడొద్దు, దానికేం కాదు. బ్రేకు మలుపుకి ముందు గట్టిగా ఒకసారి కొట్టి వదిలేయండి, ఆనించి ఉంచొద్దు. ఒకవేళ వాసన వస్తే ఆపండి, చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయకండి, ఎర్రగా కాగిన డిస్కు మీద నీళ్లు పడితే వంకరపోతుంది.

ఇంకోటి, నలుపు తెలుపు గీతల స్టిక్కర్లు ఒళ్లంతా చుట్టుకుని గుర్తుపట్టకుండా ఉన్న కార్లు మీకు అక్కడ కనిపించొచ్చు. కంపెనీలు ఇంకా మార్కెట్లోకి రాని మోడళ్లని ఈ రోడ్డు మీదే పరీక్షిస్తుంటాయి. వాళ్లు అంత దూరం వచ్చి ఏం పరీక్షిస్తున్నారో మీవారికి అర్థమైతే చాలు.

చలికోటు

పై ఆయన బ్రేకుల గురించి చెప్పినదంతా కరెక్టే, కానీ నేనైతే ఈ ట్రిప్‌లో నడక వద్దంటాను. ఏడేళ్ల పిల్లాడు, 64 ఏళ్ల పెద్దావిడ, ఒక్కడే డ్రైవర్. నడిచొచ్చి అలసిపోయిన మనిషి చేతికి మళ్లీ ఆ మలుపులు ఇస్తారా? డ్రైవ్‌కి ఒక రోజు, నడకకి ఇంకో రోజు పెట్టుకోండి. మూడు రాత్రులున్నాయి కదా.

బట్టల విషయం మాత్రం సీరియస్‌గా తీసుకోండి. వెయ్యి మీటర్లకు దాదాపు ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. జెల్ ఆమ్ జే 757 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ 25 ఉంటే పైన 14, 15. గాలి తోడైతే ఇంకా తక్కువ అనిపిస్తుంది. కింద చెరువు ఒడ్డున టీషర్టులో ఉన్నాం కదా అని అలాగే ఎక్కేసి, హోఖ్‌టోర్ దగ్గర కారు దిగి ఒక్క ఫోటో తీసుకుని పరిగెత్తుకుంటూ లోపలికి దూరిన బ్యాచ్ మాది. నా పేరు అప్పట్నుంచే.

కొండమల్లి

చలికోటు గారూ, మీతో ఒప్పుకోను. అంత డబ్బు కట్టి, అంత దూరం ఎక్కి, కారు అద్దంలోంచి చూసి వచ్చేస్తే ఏం బాగుంటుంది? అక్కడ అందరికీ సరిపోయే నడక ఒకటి ఉంది, వెన్నెలదారి గారు అడిగింది సరిగ్గా దాని గురించే.

పేరు గామ్స్‌గ్రూబెన్‌వేగ్. ఫ్రాంజ్ జోసెఫ్స్ హోహె పార్కింగ్ దగ్గరే మొదలవుతుంది. ఎత్తు 2,369 నుంచి చివర వాసర్‌ఫాల్‌వింకెల్ దగ్గర 2,548 దాకా, అంటే మొత్తం ఎక్కేది 180 మీటర్లే, అది కూడా నిదానంగా. ఒకవైపు గంటన్నర పెట్టుకోండి, పిల్లాడితో. మొదట్లో వరసగా ఆరు సొరంగాలు వస్తాయి, పైనుంచి రాళ్లు పడే చోట కొండని తొలిచి దారి తీశారు. లోపల చీకటిగా, చల్లగా, పైనుంచి నీటి చుక్కలు పడుతూ ఉంటుంది. మా పాప మొదటి సొరంగంలో నా చెయ్యి వదల్లేదు, మూడో దాంట్లోకి వచ్చేసరికి అరిచి ప్రతిధ్వని వింటోంది. సొరంగాలు దాటాక ఎడమ పక్కన ఒక్కసారిగా లోయ తెరుచుకుంటుంది, ఎదురుగా 3,798 మీటర్ల గ్రోస్‌గ్లోక్నర్, కింద పాస్టెర్జె హిమానీనదం. పెద్దావిడ ఎక్కడిదాకా నడవగలిగితే అక్కడిదాకా వచ్చి కూర్చోవచ్చు, దారి ఒక్కటే కాబట్టి తప్పిపోయే గొడవ లేదు. గామ్స్‌గ్రూబె దగ్గర మాత్రం దారి వదిలి పక్కకి అడుగు వేయకూడదు, అది ప్రత్యేక రక్షిత ప్రాంతం. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మేటలు వేసి, దాని మీద అరుదైన మొక్కలు పెరిగే చోటు.

ఒకటి ముందే చెప్తున్నా, హిమానీనదం అనగానే తెల్లటి మంచు నది ఊహించుకుని వెళ్లకండి. 1856లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ అక్కడికి వచ్చారు కాబట్టే ఆ చోటికి ఆ పేరు. ఆయన కాలంలో లోయ నిండా మంచే. ఇప్పుడు మీరు నిలబడిన చోటి కింద కనిపించేది బూడిద రంగు గులకరాళ్లూ, మురికి పచ్చ నీళ్లూ. మంచు చాలా వెనక్కి జరిగిపోయింది. ఆస్ట్రియాలో ఇప్పటికీ ఇదే అన్నిటికంటే పెద్ద హిమానీనదం, అయినా 2022–23 ఒక్క ఏడాదిలోనే దాని మూతి 200 మీటర్లకు పైగా వెనక్కి పోయింది. నేను ఆ రాళ్లని చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను, నోట మాట రాలేదు.

చలికోటు గారి భయం కూడా కొట్టిపారేయను. దానికి మందు వరస మార్చడమే. మీవారి ప్లాన్‌లో వ్యూ పాయింట్లు ముందు, నడక తర్వాత. మీరు తిరగేయండి. ఆరింటికల్లా బయల్దేరి, దారిలో ఒక్కచోట మాత్రమే ఆగి, ఎనిమిదికల్లా పైకి చేరండి. నడక పదకొండుకి అయిపోతుంది. తిన్నాక గంటసేపు ఏ పనీ పెట్టుకోకండి, డ్రైవర్ కునుకు తీసినా సరే. వ్యూ పాయింట్లన్నీ తిరుగు దారికి వదిలేయండి. ఎండాకాలం ఆల్ప్స్‌లో మధ్యాహ్నం రెండు దాటితే మబ్బులు కమ్ముకుని ఉరుములు రావడం మామూలే, ఆ టైముకి మీరు కారులో ఉండాలి, శిఖరం అంచున కాదు. పైగా పది దాటాక అక్కడ పార్కింగ్ దొరకడం మీ అదృష్టం.

దారి టైము లెక్క వేసుకోవడానికి అక్కడివాళ్ల పద్ధతి ఒకటుంది, మిగతా నడకలకి పనికొస్తుందని చెప్తున్నా. సమతలం మీద గంటకి 4 కిలోమీటర్లు, ఎక్కడం గంటకి 300 మీటర్లు, దిగడం గంటకి 500. దూరానికి ఒక టైము, ఎత్తుకి ఒక టైము తీసి, పెద్దదానికి చిన్నదాంట్లో సగం కలపాలి. 8 కిలోమీటర్లు నడిచి 600 మీటర్లు ఎక్కాలంటే రెండూ రెండు గంటలే, కాబట్టి మూడు గంటలు. ఇది పెద్దవాళ్ల నడక, ఆగకుండా. ఏడేళ్ల వాడుంటే ప్రతి రాయినీ తీసి చూస్తాడు, ఒకటిన్నర రెట్లు వేసుకోండి. నడక దారి చూపే పసుపు బోర్డుల మీద నీలం చుక్క ఉంటే తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు జోలికి వెళ్లకండి.

వెన్నెలదారి

కొండమల్లి గారూ, మూడోగేరు గారూ, చాలా థ్యాంక్స్. మావారికి చదివి వినిపించాను. చుట్టు తిరిగే ప్లాన్ దగ్గర కాస్త ముఖం మాడ్చుకున్నారు కానీ, పొగ వచ్చిన కథ విన్నాక ఒప్పుకున్నారు. ఎత్తు, బీపీ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకా, దారిలో ఎడెల్‌వైస్ స్పిట్జె అని ఇంకా ఎత్తైన వ్యూ పాయింట్ ఉందట, అది ఎక్కాలా వద్దా?

కొండమల్లి

బీపీ మాట డాక్టర్‌ని ఒకసారి అడిగి బయల్దేరండి, అది మేం చెప్పేది కాదు. మామూలుగా అయితే 2,400 మీటర్ల దగ్గర గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టం మీద ఉన్నదానికంటే పాతిక శాతం తక్కువ అందుతుంది, కాబట్టి మెట్లు ఎక్కితే ఆయాసం అందరికీ వస్తుంది. కొద్ది గంటలే కాబట్టి భయపడాల్సిందేం ఉండదు, కానీ కారు దిగగానే నడక మొదలుపెట్టకండి, అరగంట కూర్చుని ఏదైనా వేడిగా తాగనివ్వండి. మాటలాడుతూ నడవగలిగితే ఆ వేగం సరైనది. తలనొప్పి, వికారం లాంటివి వస్తే సర్దుకుంటుందిలే అనుకోకుండా కిందికి దిగిపోవడమే.

మలుపుల్లో బాబు చేతికి ఫోన్ ఇవ్వకండి, సగం వాంతులు దానివల్లే.

మూడోగేరు

ఎడెల్‌వైస్ స్పిట్జె 2,571 మీటర్లు, కారుతో వెళ్లగలిగినంత ఎత్తు అదే ఈ రోడ్డు మీద. రాళ్లు పరిచిన ఇరుకు దారి, టైర్ల కింద టకటకటక అంటూ ఉంటుంది, చిన్నదే కానీ మలుపులు బిగుతు. పొద్దున రోడ్డు ఖాళీగా ఉంటే వెళ్లండి, మధ్యాహ్నం పైన కార్లు కిక్కిరిసి ఉంటే కింద ఫుషర్ టోర్ల్ దగ్గరే ఆగండి, అక్కడ 2,428, దృశ్యంలో పెద్ద తేడా లేదు. మొదటిసారి కొండ ఎక్కుతున్న డ్రైవర్‌ని దాని మీదికి బలవంతంగా పంపొద్దు.

బయల్దేరే ముందు రోడ్డు వాళ్ల సైటులో వెబ్ కెమెరాలు చూడండి, జూన్‌లో కూడా మంచు కురిసిన రోజులున్నాయి. రాత్రి గేట్లు మూసేస్తారు, అది కూడా చూసుకోండి.

పసుపుజాకెట్

అందరూ కొండ గురించే చెప్పారు, కాగితాల గురించి నేను చెప్తా. ఇండియా లైసెన్స్ అయితే దాంతోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, మావాడు పోలీసు ఆపితే చూద్దాంలే అని ధైర్యం చేశాడు, నిజంగానే ఆపారు. కారులో రిఫ్లెక్టర్ జాకెట్, కారు ఆగిపోతే రోడ్డు మీద పెట్టే హెచ్చరిక త్రికోణం, ఫస్ట్ ఎయిడ్ కిట్ మూడూ ఉండాలని ఆస్ట్రియా రూలు. జాకెట్ డిక్కీలో కాదు, చేతికందేలా. బాబు ఎత్తు 135 సెంటీమీటర్ల లోపైతే చైల్డ్ సీటు తప్పనిసరి. మోటార్‌వే ఎక్కితే విన్యెట్, అంటే మోటార్‌వే టోల్ పాసు, కొనాలి, కానీ అది ఉంది కదా అని గ్లోక్నర్ టోల్ గేటు దగ్గర చూపిస్తే నవ్వుతారు, రెండూ వేరు. కొండల్లో ప్రమాదం జరిగితే ఫోన్ చేయాల్సిన నంబరు 140, అది దొరక్కపోతే 112.

వెన్నెలదారి

నిన్ననే వెళ్లొచ్చాం, ఇదిగో రిపోర్టు. రాస్తానని చెప్పకపోయినా ఇన్ని చెప్పినవాళ్లకి ఆ మాత్రం బాకీ ఉన్నాను కదా.

ఆరుంబావుకి బయటపడ్డాం. టోల్ గేటు దాటిన కాసేపటికే పొగమంచు, ముందు వెళ్లే బైకు వెనక లైటు తప్ప ఏమీ కనపడలేదు. ప్రతి మలుపు దగ్గరా నంబరు, ఎత్తు రాసిన బోర్డు ఉంటుంది, అవే మాకు దిక్కు. మావారి చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుపోయాయి. ఇంత డబ్బు పోసి మబ్బులు చూడ్డానికి వచ్చామా అని నేను లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. హోఖ్‌టోర్ సొరంగంలోకి ఇటు నుంచి తెల్లటి మబ్బులో దూరాం, అటు బయటికి వచ్చేసరికి ఎండ! ఒక్క సొరంగానికి ఇటూ అటూ వేరే వేరే రోజుల్లా ఉంది. అత్తయ్యగారు దణ్ణం పెట్టుకున్నారు.

నడక గురించి చెప్పాలి. సొరంగాలు దాటి చాలా దూరమే వెళ్లాం, చివరిదాకా మాత్రం వెళ్లలేదు. ఒకచోట దారికి అడ్డంగా పాత మంచు, ఇరవై అడుగుల వెడల్పు ఉంటుందేమో, లోయవైపుకి వాలుగా. అవతల నుంచి ఇద్దరు కర్రలతో ఠీవిగా దాటేశారు. మావారు కూడా దాటుదాం అన్నారు. నేను బాబు బూట్ల వైపు చూశాను, మామూలు స్కూల్ స్పోర్ట్స్ షూ, అడుగు నున్నగా అరిగిపోయి ఉంది. వెనక్కి తిరిగాం. అదొక్కటే మనసులో ఉండిపోయింది, సరైన బూట్లు వేయించి ఉంటే బాగుండేది.

అత్తయ్యగారు సొరంగాల అవతల రాతి మీద శాలువా కప్పుకుని కూర్చున్నారు. మేం తిరిగొచ్చేసరికి ఆవిడకి పది అడుగుల దూరంలో ఒక లావుపాటి మార్మట్, పెద్ద ఉడతలాంటి కొండ జంతువు, వెనక కాళ్ల మీద నిలబడి ఆవిడనే చూస్తోంది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు కదలకుండా చూసుకుంటున్నారు. బాబు పరిగెత్తబోయేసరికి అది ఈల వేసి రాళ్లలోకి మాయమైంది. నిజంగా మనిషి వేసినట్టే ఉంది ఈల. హిమానీనదం వైపు చూసి ఆవిడ అడిగింది ఒక్కటే, "మంచు ఏదమ్మా?" అని. వేలు పెట్టి పైకి చూపించాను.

మధ్యాహ్నం రెండున్నరకి ఫుషర్ టోర్ల్ దగ్గర ఫోటోలు దిగుతుంటే ఉరుము. ఎడెల్‌వైస్ స్పిట్జె మానేశాం. దిగేటప్పుడు మావారు రెండో గేరు, ఇంజిన్ అరుపు, వెనక ఆరేడు కార్ల క్యూ. రెండుసార్లు పక్కకి ఆపి అందర్నీ పోనిచ్చాం. కింద టోల్ గేటు దాటాక దిగి, చక్రాల దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, మూడోగేరు గారికి చెప్పు, ఏ వాసనా లేదని అన్నారు.

బాబు 36 మలుపులూ లెక్కపెడతానని పందెం వేశాడు. వెళ్లేటప్పుడు పందొమ్మిది దగ్గర నిద్రపోయాడు. తిరుగు దారిలో మిగతావి లెక్కపెట్టుకోమని లేపితే ఏడ్చాడు.